అరుదైన పక్షిని చూచు హక్కు మనకున్నదా?



కొన్ని వారాల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అందరమూ టీ త్రాగుతూ నిలబడి ఉండగా, మన సంఘములోని ఒక పెద్దాయన, ఆయన సతీమణి న్యూజిలాండు ప్రయాణము ముగించుకొని వచ్చి అక్కడి ఫొటోలు చూపించారు. వారి కుమార్తె ఆ దేశపు దక్షిణ భాగమున ఉన్న డునెడిన్ పట్టణములో ఉద్యోగము చేస్తున్నది. ప్రపంచములో మిగిలియున్న అతి అరుదైన పెంగ్విన్లలో ఒకటి, పసుపుపచ్చ కన్నుల పెంగ్విన్, ఆ పట్టణమునకు దగ్గరలోని సముద్రతీరమునకు వస్తుంది. దానిని చూచుటకు వారు సాయంకాలమంతా చెక్కలతో కట్టిన ఒక మరుగున కూర్చున్నారట. ఫొటోలో ఇసుక ఉన్నది, అలలు ఉన్నవి, ఆ రెంటి నడుమ ఆవగింజంత నల్లని చుక్క ఒకటి ఉన్నది. "అన్నా, ఇదేనా పెంగ్విను? ఇంత డబ్బు పెట్టి వెళ్ళి ఈ చుక్కను చూసి వచ్చారా?" అని ఎవరో అన్నారు. అందరమూ నవ్వాము. మేమూ నవ్వాము. అమ్మగారు మాత్రము నవ్వలేదు. "దగ్గరకు పోకూడదు బాబూ. మనము ఒడ్డున నిలబడి ఉంటే అది నీళ్ళలో నుండి బయటికి రాదట. అది రాకపోతే గూటిలో పిల్లలకు ఆ పూట తిండి ఉండదట" అన్నారు.

ఆ మాట ఇంటికి వచ్చిన తరువాత కూడా మా మనసును వదలలేదు. ఎందుకనగా అటువంటి నవ్వు మేము పూర్వము ఒకసారి నవ్వి ఉన్నాము. పక్షుల విషయములో ఒకసారి తప్పు కూడా చేసి ఉన్నాము. ఆ రెండు సంగతులూ దాచకుండా చెప్పి, వాటి మీద కలిగిన ఆలోచనను మీ ముందు పెట్టుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ప్రశ్న ఏమనగా: అరుదైన ప్రాణిని కన్నులారా చూడవలెననే కోరిక మంచిదే; కాని అది మన హక్కా? హక్కే అయితే దాని హద్దు ఎక్కడ?

ముందుగా పెంగ్విన్ సంగతి చూద్దాము. పెంగ్విన్ అనగానే మనకు మంచు గుర్తుకు వస్తుంది. కాని పసుపుపచ్చ కన్నుల పెంగ్విన్ మంచులో ఉండదు. న్యూజిలాండు ఆగ్నేయ తీరములోను, దానికి దక్షిణముగా ఉన్న దీవులలోను అది జీవిస్తుంది. అక్కడి మావోరీ ప్రజలు దానిని హొయిహో అంటారు. కొన్ని జాతుల పెంగ్విన్లు వేల సంఖ్యలో గుంపుగా గూళ్ళు పెట్టుకొంటాయి. ఇది అట్లు కాదు. చెట్ల మధ్య, పొదల చాటున, ఒక జంట గూడు మరొక జంటకు కనబడకుండా పెట్టుకొంటుంది. ఉదయము సముద్రములోనికి వెళ్ళి చేపలు పట్టి, సాయంకాలము పిల్లలకు కావలసిన ఆహారమును కడుపులో మోసుకొని వస్తుంది. ఒడ్డున మనిషి కనబడితే ఆగిపోతుంది, లేదా తిరిగి నీటిలోనికే పోతుంది. మనుష్యుల రాకపోకలు ఎక్కువగా ఉన్న తీరములో పెరిగిన పిల్లలు, మనుష్యులు రాని తీరములోని పిల్లల కంటె తక్కువ బరువు ఉన్నవని అక్కడి పరిశోధకులు తూచి కనుగొన్నారు. తక్కువ బరువుతో సముద్రములో దిగిన పిల్ల బ్రతికి బట్టకట్టుట కష్టము. అంతే కాదు, ఏడాదికొకసారి ఈకలు రాల్చుకొను కాలములో ఆ పక్షి మూడు వారాలకు పైగా నీటిలో దిగదు, ఏమీ తినదు. ఒంటిలో దాచుకొన్న క్రొవ్వు మీదనే ఉంటుంది. అట్టి సమయములో దానిని బెదరగొట్టి పరుగెత్తించుట అంటే దాని సద్దిమూట లాగుకొనుటయే.

గమనించండి. అక్కడ రాయి విసిరినవారు ఎవరూ లేరు. చేయి వేసినవారు లేరు. వచ్చినవారందరూ ఇష్టముతో వచ్చినవారే. ఊరకే నిలబడి చూసినందుకే ఒక పిల్ల చిక్కిపోయినది. చూపు కూడా ఒక క్రియ అనీ, దానికి కూడా ఫలితము ఉంటుందనీ మనము సాధారణముగా తలంచము.

ఇది ఎక్కడో న్యూజిలాండు సంగతి అని ప్రక్కన పెట్టుటకు వీలులేదు. మన బెంగళూరు నుండి మైసూరు పోవు దారిలో సుమారు 80 కిలోమీటర్లు వెళితే, మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో కొక్కరె బెళ్ళూరు అనే పల్లె ఉన్నది. కన్నడములో కొక్కరె అనగా కొంగ. ఏటా చలికాలములో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ అనే రంగుల కొంగలు ఆ ఊరికి వచ్చి గూళ్ళు కట్టుకొని, పిల్లలను పెంచుకొని, ఎండాకాలము ముదిరేసరికి వెళ్ళిపోతాయి. గూడబాతు అనగా ఇంగ్లీషువారి పెలికాన్. 102వ కీర్తన చదివిన మనకు ఈ పేరు క్రొత్త కాదు. అయితే కీర్తనలోని గూడబాతు మనుష్యులకు దూరముగా అడవిలో ఉన్నది. ఈ ఊరి గూడబాతు చింతచెట్టు మీద, ఇంటి పెరట్లో, మనుష్యుల తలల పైన ఉంటుంది. క్రింద ఆవులు, కోళ్ళు, బడికి పోవు పిల్లలు. పైన పెద్ద రెక్కల పక్షులు.

ఇది అద్భుతమేమీ కాదు, దీని వెనుక మనుష్యుల త్యాగము ఉన్నది. గూళ్ళు కట్టిన చింతచెట్టు కాయలు దులుపుకొనుటకు యజమానికి వీలుకాదు. ఆ నష్టమునకు అటవీశాఖవారు కొంత పరిహారము ఇచ్చు ఏర్పాటు చేశారు గాని, నష్టము ముందు, పరిహారము తరువాత. చెట్ల క్రింద గోతులు త్రవ్వి రెట్టను పోగుచేసి పొలములకు ఎరువుగా వేసుకొంటారు. పక్షులు వస్తే ఊరికి మేలు అని వారి నమ్మకము. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్లు ఈ పక్షులు వచ్చినవని వారు చెప్పుకొంటారు. 1990లలో మైసూరు ప్రకృతి ప్రేమికులు గ్రామస్థులతో కలిసి హెజ్జార్లె బళగ అనే సంఘమును ఏర్పరచారు. హెజ్జార్లె అనగా గూడబాతు, బళగ అనగా బంధువర్గము. గూళ్ళ నుండి జారిపడిన పిల్లలను ఒక దొడ్డిలో ఉంచి చేపలు పెట్టి పెంచి వదలిపెట్టు పని వారు పూనుకొన్నారు. 2007లో ప్రభుత్వము ఆ స్థలమును కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించినది.

ఇప్పుడు మా తప్పు. 2013 ఫిబ్రవరిలో మన యౌవనస్తులను, సండే స్కూలు పిల్లలను రెండు బస్సులలో ఆ ఊరికి తీసుకొని వెళ్ళాము. పెద్దరికము మాదే. పక్షులు గూళ్ళ మీద కదలకుండా కూర్చుని ఉన్నవి. పిల్లలకు విసుగు పుట్టినది. మెడలో కెమెరా వేసుకొన్న ఒక యువకుడు, "సార్, అన్నీ ఒక్కసారిగా ఎగిరితే ఫొటో బ్రహ్మాండముగా వస్తుంది" అన్నాడు. టీచర్ ట్రైనింగు చదివి, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు బుద్ధులు చెప్పిన మేము ఒక్క క్షణమైనా ఆలోచింపక, "అయితే అందరూ కలిసి గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నాము. ఎనభైమంది కొట్టారు. చెట్టుకు చెట్టు లేచినట్లు పక్షులు లేచినవి. ఆ కలకలములో ఒక గూటి నుండి పిల్ల ఒకటి జారి, పశువుల కొట్టము చూరు మీద పడి, అక్కడ నుండి నేల మీద పడినది.

ఆ ఇంటిలో నుండి ఒక ముసలమ్మ బయటికి వచ్చినది. ఆమె అరవలేదు, తిట్టలేదు. మా తెల్ల చొక్కాను, చేతిలోని మైకును చూసి, పెద్దమనిషి ఇతడే అని గుర్తుపట్టి, కన్నడములో నెమ్మదిగా అడిగినది: "పురిటికి వచ్చిన బిడ్డ మంచము దగ్గర నిలబడి మీ ఊరిలో ఇట్లే చప్పట్లు కొడతారా సామీ?" మాకు జవాబు దొరకలేదు. ఆమె ఒక గోనెపట్టా తెచ్చి ఆ పిల్లను చుట్టి ఎత్తినది. ఊరి కుర్రవాళ్ళు దానిని దొడ్డి దగ్గరకు తీసుకొనిపోయారు. అది బ్రతికినదో లేదో మేము తరువాత కనుక్కొనలేదు. కనుక్కోవలసినది, సిగ్గు చేత అడగలేదు. ఆ యువకుని ఫొటో మాత్రము చాలా బాగా వచ్చినది. ఏడాదిపాటు మన నోటీసు బోర్డు మీద ఉన్నది. మీలో చాలామంది మెచ్చుకొన్నారు. ప్రతి ఆదివారము దాని ముందు నుండి నడిచి లోపలికి పోయేటప్పుడు మాకు ఆ గోనెపట్టా కనబడేది.

ఇక ఆ మొదటి నవ్వు సంగతి. బెంగళూరు రాకముందు, 1980ల మొదట్లో, కడప జిల్లాలో లంకమల కొండల క్రింద ఒక పల్లె బడిలో మేము పంతులుగా ఉన్నాము. ఒకరోజు పక్షుల పాఠము చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "సార్, మా నాయన రేత్రిపూట కుందేళ్ళకు పోతే కలివికోడి కనపడతాది. పరిగెత్తాది, ఎగరదు" అన్నాడు. "కోడి ఎక్కడైనా రాత్రిపూట తిరుగుతుందిరా?" అని నవ్వాము. తరగతి అంతా నవ్వినది. పిల్లవాడు కూర్చున్నాడు. పుస్తకములో లేదు గనుక అది లేదు అని మా లెక్క.

తరువాత మేము బెంగళూరు వచ్చేశాము. 1986 జనవరిలో ఆ కొండల దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతములో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారు ఒక పక్షిని కనుగొన్నారని పత్రికలలో వచ్చినది. అది ఈ లోకములో లేదని తలంచబడిన పక్షి. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. మన పల్లెవాళ్ళ పేరు కలివికోడి. కలివిపొదల మధ్య తిరుగునది గనుక ఆ పేరు. ఆ పిల్లవాని మాట అక్షరాలా నిజము.

ఈ పక్షికి తన పేరు ఇచ్చిన జెర్డాన్ దొర నెల్లూరులో వైద్యుడుగా పనిచేసినవాడు. మన మిషనెరీ శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరు చేరి పని ఆరంభించిన ఆ దశాబ్దములోనే, జెర్డాన్ దొర తూర్పు కనుమల అడవులలో పక్షులను వెదకుచుండెను. ఆయన సేకరించిన ఈ పక్షిని 1848లో శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు మనుష్యులను లక్ష్యపెట్టక తరతరాలుగా గూళ్ళు కట్టుకొనుటను చూచినట్లు కూడా ఆయన వ్రాసి ఉంచాడు. 1900లో అనంతపురము ప్రాంతములో కనబడిన తరువాత కలివికోడిని చూసినట్లు ఎవరూ వ్రాయలేదు. మన ప్రక్కనే ఉన్న కోలార్ గోల్డ్ ఫీల్డ్సులో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయములో పెట్టెలో ఉండిపోయినది. అది కలివికోడి గుడ్డే అని డిఎన్ఏ పరీక్షతో తేల్చి 2013లో ప్రకటించారు. శాస్త్రమునకు తెలిసిన కలివికోడి గుడ్డు అది ఒక్కటే. అది పిల్ల కాలేదు, పెట్టెలో వస్తువు అయినది.

1986లో జరిగినది కూడా ఆలోచింపదగినది. ఆ పక్షి జాడ తెలిసినది పండితులకు కాదు, టార్చిలైటుతో రాత్రి వేటకు వెళ్ళు ఐతన్న అనే స్థానికునికి. ఆయన దానిని పట్టి తెచ్చినందుననే అది ఉన్నదని లోకమునకు రుజువు అయినది. పట్టుబడిన ఆ పక్షి కొద్ది రోజులకే చనిపోయినది. అందుకు ఐతన్నను గాని, భూషణ్ గారిని గాని మనము నిందింపలేము. ఆ రుజువు లేకపోతే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడి ఉండేది కాదు. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పక్షి తిరుగు నేలలోనికి వచ్చినప్పుడు ఆపమని అడుగుటకు ఆధారము ఉండేది కాదు. చివరకు కాలువ దారిని మార్చారు. అయినను ఒక మాట నిజము: మన చూపు కోసము ఒక పక్షి వెల చెల్లించినది.

దాని తరువాత వచ్చిన పరిశోధకులు వేరొక పద్ధతి కనుగొన్నారు. పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారిన తరువాత దాని మీద పడిన అడుగుజాడలను చూసి కలివికోడి ఎక్కడెక్కడ తిరుగుచున్నదో లెక్కవేశారు. తమంతట తామే ఫొటో తీయు కెమెరాలు పెట్టారు. పక్షికి తెలియకుండ, పక్షిని తాకకుండ, దాని జాడ మాత్రమే చదివారు. ఆ తరువాత చాలా ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. ఇక పోయినదే అనుకొన్నారు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షిప్రేమికుల బృందము ఒకటి రాత్రివేళ దాని కూతను విని రికార్డు చేసినది. ఆ వార్త విన్నప్పుడు మాకు కలిగిన సంతోషమును వర్ణింపలేము. ఆ కొండల క్రింద ఉద్యోగము చేసినవారము, ఆ త్రోవలో సైకిలు తొక్కినవారము, మేము దానిని ఎన్నడూ చూడలేదు, ఇక చూడము కూడా. అయినను అది ఉన్నది అన్నది చాలు అనిపించినది.

ఇక్కడ ఎవరైనా ఒక అభ్యంతరము చెప్పవచ్చును. "ఎవరూ చూడకపోతే ఎవరు కాపాడుతారు? కంటికి కనబడని దానిని ఎవరు పట్టించుకొంటారు?" ఈ మాటను తోసిపుచ్చుటకు వీలులేదు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గర బోల్డర్స్ అనే తీరము ఉన్నది. 1982లో అక్కడ ఇండ్ల ప్రక్కన ఆఫ్రికా పెంగ్విన్లు రెండు జతలు వచ్చి గూళ్ళు పెట్టుకొన్నవి. తరువాత అవి వేల సంఖ్యకు పెరిగినవి. చూచువారి కోసము చెక్కలతో నడవ కట్టారు. దాని మీద నుండి దిగకూడదు. టిక్కెట్టు కొని లోకమంతటి నుండి వచ్చి చూస్తున్నారు. అట్లు చూసినవారికే ఆ పక్షి మీద ప్రేమ కలిగినది. అయినను చేపలు తగ్గిపోయి, ఆ జాతి మొత్తము తరిగిపోయి, 2024లో అది అంతరించుటకు అతి దగ్గరగా ఉన్న జాతుల పట్టికలో చేర్చబడినది. పెంగ్విన్లు ఒకప్పుడు తమ రెట్ట పేరుకొన్న గడ్డలోనే బొరియలు చేసుకొని గ్రుడ్లు పెట్టేవి. ఆ రెట్టను ఎరువు కోసము మనుష్యులు గీకి తీసుకొనిపోయారు, గ్రుడ్లను కూడా తిన్నారు. మన కొక్కరె బెళ్ళూరులో కూడా రెట్ట ఎరువే. అక్కడ వ్యాపారము గూటిని తవ్వుకొనిపోయినది; ఇక్కడ రైతు చెట్టు క్రింద గొయ్యి తీసి, పైన గూటిని విడిచిపెట్టాడు. ఎరువు ఒక్కటే. తీసుకొను తీరు వేరు.

కాబట్టి చూచుట తప్పు అని మేము చెప్పము. ఒక్కొక్క ప్రాణి ఓర్చుకొను దూరము ఒక్కొక్కటి. అంటార్కిటికాలో పెంగ్విన్ దగ్గరకు ఐదు మీటర్ల లోపు పోరాదని నియమము. హొయిహో మన నీడను కూడా ఓర్చుకొనదు. కొక్కరె బెళ్ళూరు గూడబాతు తన క్రింద నడుచు మనిషిని ఓర్చుకొంటుంది, చప్పట్లను ఓర్చుకొనదు. కలివికోడి ఎన్ని మిగిలినవో వ్రేళ్ళ మీద లెక్కపెట్టవలసిన స్థితిలో ఉన్నది గనుక దానిని వెదకుతూ పోవు మన టార్చిలైటే దానికి భారము. హద్దును గీయవలసినది చూచువాడు కాదు, చూడబడునది. మన ప్రేమ ఎంత గొప్పది, మనము ఎంత దూరము నుండి వచ్చాము, ఎంత ఖర్చు పెట్టాము అన్నవి ఆ లెక్కలోనికి రావు. ఇదే మేము ఆలోచించి చేరుకొన్న సంగతి.

దీనికి తోడు ఇంకొకటి ఉన్నది. మనము చూచి సంతోషించు దాని వెల ఎవరు చెల్లిస్తున్నారు? చింతపండు పోగొట్టుకొన్న ఇంటివారు, పుల్లలకు అడవిలోనికి పోవద్దని చెప్పబడిన స్త్రీ, గొర్రెలను మేపు నేల కోల్పోయిన కాపరి. పట్నము నుండి కారులో వెళ్ళిన మనకు అడవి ఒక పూట వేడుక. వారికి అది పొయ్యి, పాడి. వారి మీద బరువు వేసి, మనము ఫొటో తీసుకొని వచ్చుట న్యాయము కాదు. వలస వచ్చినవారము మనము. ఇతరుల ఊరిలో ఎట్లు ఒదిగి ఉండవలెనో, ఇరుగుపొరుగువారి మనసు నొవ్వకుండ ఎట్లు మెలగవలెనో మనకు ఒకరు నేర్పనక్కరలేదు. ఈ బెంగళూరులో అద్దె ఇంటిలో దిగిన మొదటి ఏడు ఇంటివారి నిద్ర చెడకుండ మెట్లు మెల్లగా దిగినవారమే కదా! అదే మర్యాద పక్షికి, పక్షి ఊరివారికి చూపమని మాత్రమే మేము అడుగుతున్నాము.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చి ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. దారిలో గూడు కనబడినప్పుడు పిల్లలతో కూడ తల్లిని తీసుకొనరాదని దాని భావము. మేము సండే స్కూలులో దానిని ఎన్నోసార్లు చదివించాము. ఆకలిగొన్న మనిషికి కూడా అక్కడ ఒక హద్దు పెట్టబడినదని ఎన్నడూ ఆగి ఆలోచింపలేదు. ఆకలికే హద్దు ఉన్నప్పుడు, వేడుకకు ఉండకూడదా?

ఇక చూడగోరువారికి మాకు తెలిసిన మాటలు కొన్ని. కొక్కరె బెళ్ళూరుకు జనవరి మొదలుకొని మార్చి వరకు మంచి సమయము. పెద్ద గుంపుగా పోవద్దు. ఊరి బయట బండి ఆపి నడిచి వెళ్ళండి. హారను, పాటలు, డ్రోనులు వద్దు. గూడు ఉన్న చెట్టు మొదట నిలబడవద్దు. పిల్ల క్రింద పడి ఉంటే మీరు ఎత్తవద్దు, ఊరివారికి చెప్పండి. ఏదైనా కొనవలసి వస్తే ఆ ఊరి అంగడిలోనే కొనండి. మన రూపాయి కొంత ఆ చింతచెట్టు ఇంటికి చేరనీయండి. సెలవులకు స్వస్థలము పోవువారికి తిరుపతి జిల్లా దొరవారిసత్రము దగ్గర నేలపట్టు ఉన్నది. అక్టోబరు నుండి మార్చి వరకు నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. గట్టు మీద నుండి, వారు చూపిన స్థలము నుండి చూడండి. కైకలూరు దగ్గర ఆటపాక, శ్రీకాకుళము జిల్లాలో తేలినీలాపురము ఉన్నవి. అక్కడ కూడా పల్లెవారిని అడిగి, వారి మాట విని నడుచుకొనండి.

కలివికోడి కోసము మాత్రము పోవద్దు. ఎవరైనా తీసుకొనిపోయి చూపిస్తామని డబ్బు అడిగినా పోవద్దు. దాని కూతను ఫోనులో వినిపించి దానిని పిలువవద్దు. తోటిపక్షి అనుకొని వచ్చి అది మోసపోతుంది. దాని పేరు పిల్లలకు చెప్పండి, అది చాలు. మీ బిడ్డ పుస్తకములో లేని పక్షి సంగతి చెబితే నవ్వవద్దు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మేము ఆ అమ్మగారి ఇంటికి వెళ్ళి, ఆ రోజు నవ్వినందుకు క్షమించమని అడిగి, ఆ చుక్క ఫొటో కాపీ ఒకటి తెచ్చుకొన్నాము. ఇప్పుడు అది నోటీసు బోర్డు మీద ఉన్నది. ఆరాధన కాగానే పిల్లలు దాని ముందు మూగి, "ఎక్కడుంది? ఎక్కడుంది?" అని వెదకుతున్నారు. దొరికినవాడు మిగిలినవారికి చూపిస్తున్నాడు.

వచ్చే ఫిబ్రవరిలో కొక్కరె బెళ్ళూరుకు మరల వెళ్ళదలచాము. ఈసారి పన్నెండు మందికి మించదు, రెండు చిన్న బండ్లు. పైన వ్రాసిన నియమములకు ఒప్పుకొన్నవారు మాత్రమే సండే స్కూలు సూపరింటెండెంటు గారికి పేర్లు ఇవ్వండి. ఆ ముసలమ్మ ఇంకా ఉన్నట్లయితే, ఆ పిల్ల ఏమైనదని మేము ఆమెను అడగవలసి ఉన్నది.